వానరోజు బేరాలు

నాలుగో షట్టరు ఎప్పుడూ మొండికేస్తుంది. తాళాలక్క రెండు చేతులతో ఒక్క ఉదుటున లేపితే సగందాకా వచ్చి ఆగింది. "లేవవే, నీకంటే నాకు నొప్పులెక్కువ," అని ఓ చరుపు చరిచాక గడగడమంటూ పైకి పోయింది. లోపల ఖాళీ అరలు, ఒక గాజుబల్ల, గోడమీద క్యాలెండరు తీసేసిన చోట తెల్లటి చదరం. లైటు వేసి, గాజు తుడిచి, ఐదో కొట్టుకు నడిచింది.

ఆ వీధిలో కొట్లు పదహారు. జనమంతా ఊరి బయటి పెద్ద దుకాణానికి ఎగబడ్డాక తొమ్మిది మూతపడ్డాయి. మిగిలిన ఏడూ పళ్ళూడిన నోట్లో అక్కడొకటీ ఇక్కడొకటీ మిగిలిన పళ్ళలా ఉండేవి. అప్పుడు వీధి సంఘానికి పెద్దయిన మందుల కొట్టాయన ఒక ఆలోచన చేశాడు. సరుకు లేకపోతే మానె, పొద్దున్నే ఖాళీ కొట్లు తెరిచి, లైట్లు వేసి, సాయంత్రం మూస్తే వీధికి కాస్త కళ వస్తుంది కదా అని. ఆ పనికి ఈమెను పెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఇదే వీధిలో, బట్టల కొట్లో తానులు విప్పి మడిచిన మనిషి. ఆ బట్టల కొట్టే ఇప్పుడీ మొండి షట్టరు.

తెరిచి ఊరుకోమంటే ఊరుకునే రకమా ఆమె? లైటు వెలిగే కొట్టు కనబడితే జనం ఊరికే తొంగిచూస్తారు. తొంగిచూసిన వాళ్ళను ఆమె వదలదు.

"ఏం కావాలమ్మా?"

"ఇక్కడేముందని ఇస్తావు, పెద్దమ్మా?"

"లేదులే. ఉంటే ఏం అడిగేదానివో చెప్పిపో."

చదువు రెండో తరగతితో సరి. రాసుకోవడమనేది లేదు, అంతా బుర్రలోనే. ఎవరు వచ్చారు, ఏ రంగు చొక్కా, ఏమడిగారు, ఆ రోజు ఎండా వానా, ఎప్పుడడిగినా తడుముకోకుండా చెబుతుంది.

ఆ బుర్రలోనే కొన్ని నెలలుగా ఒక చిక్కుముడి విడటం లేదు. జిప్పు పోయిన సంచీ పట్టుకుని వచ్చిన వాళ్ళు ఇప్పటికి పద్నాలుగు మంది. పద్నాలుగు మందీ వాన రోజునే వచ్చారు. ఎండ రోజున ఒక్కరంటే ఒక్కరు రాలేదు. వానకీ జిప్పుకీ ఏమిటి చుట్టరికం?

"తుప్పక్కా, తుప్పు," అన్నాడు మందుల కొట్టాయన.

"ప్లాస్టిక్ జిప్పుకీ తుప్పేనా?"

"ఇవాళ నన్ను జిప్పులడక్కు. నాలుగింటికి మీటింగు."

ఆ సంగతి ఆమెకు తెలుసు. గోదాముల కంపెనీ ఒకటి తొమ్మిది కొట్లనూ గంపగుత్తగా అడుగుతోంది. గోదామంటే పగలంతా షట్టర్లు దించే ఉంటాయి. ఇక మిగతా ఏడూ ఎన్నాళ్ళు నిలుస్తాయి?

"ఈలోగా ఒక్క కొట్టుకైనా మనిషి దొరికితే ఇంకో ఏడాది ఆగుదామని అందర్నీ ఒప్పించాను," అన్నాడాయన. "లేదంటే సంతకాలే. ఆరు నెలలుగా దొరకనివాడు ఆరు గంటల్లో దొరుకుతాడా?"

"దొరకడని ఎవరు చెప్పారు నీకు?" అందే గానీ, ఎవరిని తేవాలో ఆమెకూ తోచలేదు. తొమ్మిది కొట్లూ ఊడ్చింది. ఊడుస్తున్నంతసేపూ జిప్పులే గుర్తొచ్చాయి. పన్నెండయ్యేసరికి ఇక ఉండబట్టలేక చీపురు మూలకు చేరేసి, జిప్పుల సంగతి జిప్పులు కుట్టేవాడినే అడుగుదామని బస్టాండుకు బయల్దేరింది.

బస్టాండు గేటు పక్కన నల్లటి పెద్ద గొడుగు కింద సంచులూ చెప్పులూ కుట్టే మనిషి ఉంటాడు. అందరూ గొడుగాయన అంటారు. ఏదో తోలుపట్టీ కుడుతున్నాడు.

"తమ్ముడూ, వానకి జిప్పులు పాడవుతాయా?"

అతను తలెత్తకుండానే, "జిప్పులు పాడవవు. నా బేరం పాడవుతుంది," అన్నాడు.

"అదెలా?"

"గొడుగు ఒకటి. దానికింద నేనూ మిషనూ. వానొస్తే ఇద్దర్లో ఒకళ్ళమే పడతాం. అందుకని మిషన్ని పట్టాలో చుట్టుకుని ఇంటికి పోతాను."

తాళాలక్క వేళ్ళు మడిచి ఆ పద్నాలుగు మందినీ మళ్ళీ లెక్కపెట్టుకుంది. తర్వాత అరుగు అంచున కూలబడి, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది.

"ఏంటక్కా, నేనంత నవ్వులాటగా ఉన్నానా?"

"నువ్వు కాదు నాయనా. నీ బేరాలన్నీ వానకి నా దగ్గరికొచ్చి చేరుతున్నాయి. పచ్చసంచీ పంతులమ్మ. కవలల తల్లి, రెండు బడిసంచులూ ఒకేసారి పోయాయంది. గడ్డం కింద గొడుగు ఇరికించుకుని పెట్టె మోసుకొచ్చిన పొడుగాయన..."

గొడుగాయన చేతిలో సూది ఆగింది. "పచ్చసంచీ కిందటేడు నేనే కుట్టాను. ఆవిడ మళ్ళీ రాకపోతే సంచీ బాగుంది కాబోలనుకున్నాను."

"ఎక్కడ బాగుంది? నువ్వు కనబడక, దాన్ని పారేసి పెద్ద దుకాణంలో కొత్తది కొనుక్కుంది."

అతని మొహం చిన్నబోయింది. తను వేసిన కుట్టు చెత్తలోకి పోయిందంటే ఏ పనివాడికి మాత్రం బాగుంటుంది?

"కొట్లో కూర్చోవడం నాకు చేతకాదక్కా. పైన కప్పుంటే నిద్రొస్తుంది."

"కొట్టనుకోకు, గోడలున్న గొడుగనుకో. ఓసారి చూద్దువు గాని, లే."

చూడటానికే వచ్చాడు. గుమ్మంలో నిలబడి చూశాడు, లోపలికొచ్చి చూశాడు. గాజుబల్లను వీధివైపున్న కిటికీ దగ్గరికి జరిపాడు. జేబులోంచి సూది తీసి, కళ్ళజోడు లేకుండానే దారం ఎక్కించాడు. మొదటిసారికే ఎక్కింది. మళ్ళీ తీసి మళ్ళీ ఎక్కించాడు.

"వెలుగు బాగుంది," అన్నాడు మెల్లగా. "మరి వానొస్తే ఈ షట్టరు కింద నీళ్ళొస్తాయా?"

"ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క తాను తడవలేదు."

నాలుగుకి పది నిమిషాలుందనగా ఇద్దరూ మందుల కొట్టు మెట్లెక్కారు. సంతకాల కాగితం సొరుగులోకి వెళ్ళిపోయింది. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. సంఘంలో సగం మంది కాళ్ళకున్నవి అతను కుట్టిన చెప్పులే.

తిరిగొచ్చాక తాళాలక్క తన భుజాన వేలాడే గోధుమరంగు సంచీ తీసి, అందులోని సామానంతా ఒక కాగితంలో పొట్లం కట్టుకుంది. ఖాళీ సంచీ గాజుబల్ల మీద పెట్టింది. జిప్పు ఎప్పుడో ఊడిపోయి, మూతి దగ్గర పిన్నీసు గుచ్చి ఉంది.

"మొదటి బేరం నాదే. మూడేళ్ళుగా పిన్నీసుతో నెట్టుకొస్తున్నాను."

"మూడేళ్ళా? నా దగ్గరికెందుకు రాలేదు?"

"బస్టాండు దాకా ఎవరు నడుస్తారయ్యా?" అని నవ్వి, "తొందరేం లేదు, రేపు తీసుకుంటాలే," అంటూ నాలుగో కొట్టు తాళం అతని చేతిలో పెట్టింది. మిగతా ఎనిమిది షట్టర్లూ దించి ఇంటికి వెళ్ళింది.

మర్నాడు తొమ్మిదయినా ఆ ఎనిమిదీ లేవలేదు. తొమ్మిదిన్నరకు ఆమె కోడలు తాళాలగుత్తి పట్టుకుని మందుల కొట్టు దగ్గరకొచ్చింది.

"అత్తయ్య పొద్దున్న లేవలేదు, బాబాయిగారూ," అంది. "నిద్రలోనే... వానకీ జిప్పుకీ సంబంధం తెలిసిపోయిందని రాత్రి నాకు రెండుసార్లు చెప్పి పడుకుంది."

ఆయన గుత్తి విప్పి తాళాలు తలా ఒకటి పంచాడు. ఎవరి పక్క కొట్టు షట్టరు వాళ్ళు లేపి, లైటు వేసి, అందరూ కలిసి ఆమె ఇంటివైపు నడిచారు.

గొడుగాయన బయల్దేరబోతూ, పొద్దున్నే కుట్టి ఉంచిన సంచీ చేతిలోకి తీసుకున్నాడు. జిప్పు అటూ ఇటూ లాగితే ఎక్కడా పట్టకుండా జారింది. ఎక్కడ పెట్టాలో తెలియక కిటికీ గాజు లోపలున్న మేకుకు తగిలించి వెళ్ళాడు. గోధుమరంగు సంచీ, కొత్త నల్ల జిప్పు. ఆమెకు మళ్ళీ పనికొస్తుందేమోనని తీసి పక్కకు గుచ్చిన పాత పిన్నీసు అంచున అలాగే ఉంది.