లెక్కలోకి రాని టోర్టియా

కొట్లో యంత్రం నోట్లోంచి టోర్టియాలు, పల్చటి మొక్కజొన్న రొట్టెలు, పొగలు కక్కుతూ ఒకదాని మీద ఒకటి జారిపడుతున్నాయి. ఎలోడియా వాటిని వట్టి చేతులతో పట్టి, అంచులు సరిచేసి, కాగితంలో చుట్టి తక్కెడలో పెడుతోంది. ఇరవయ్యేళ్ళుగా ఇదే పని. సున్నపునీళ్ళలో ఉడికిన మొక్కజొన్న వాసన పొద్దుటి నుంచీ ఆమెను వదలడం లేదు. పొద్దున తిన్నది రెండు గుడ్లు, ముళ్ళు తీసి వండిన కాసిని నాగజెముడు ముక్కలు. నిన్నా అదే, మొన్నా అదే. ఆ జిగురు చూస్తేనే మొహం మొత్తిపోతోంది.

పక్కన పిండి ముద్దలు అందిస్తున్న ఆడపడుచు చాయో, ఉప్పు చల్లి చుట్టిన వేడి టోర్టియాను ఆమె మూతి దగ్గర ఆడించింది.

“ఒక్కటి తింటే కొంపలేం మునగవు వదినా. పుల్లలా అయిపోతున్నావ్. అసలు మా అన్న నిన్ను గుర్తుపడుతున్నాడా?”

“పోవే, నోరూరించకు. ఇవాళ తూకం ఉంది.”

ఈ కడుపుమాడ్చుకోవడం అందం కోసం కాదు. ఆమె మొగుడు ఫెర్మిన్‌కి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయించుకుని తోటకూర కాడలా వేలాడిపోతూ ఇంటికొస్తాడు. ఎలోడియా కిడ్నీ అతనికి సరిపోతుందన్నారు డాక్టర్లు. అయితే, ఇంత బరువున్న మనిషి ఒంటి మీద కత్తి పెట్టలేం, ముందు తగ్గి రమ్మన్నారు. పిండిపదార్థాలు మానెయ్యమన్నారు.

ఆ పూట నుంచే బ్రెడ్డు, అన్నం, మిఠాయిలు, కూల్‌డ్రింకులు మానేసింది. మనవరాలి పుట్టినరోజు కేకు కూడా ముట్టలేదు. రెండు నెలలైనా తూకం ముల్లు కదల్లేదు. చివరికి నర్సు ఎదురుగా కూర్చోబెట్టుకుని, తినేవన్నీ ఒక్కొక్కటే చెప్పించింది.

“మరి టోర్టియాలు?”

“అవి మామూలేగా అమ్మా!”

టోర్టియా తిండి ఎలా అవుతుంది? అది లేకపోతే తిండిని దేంతో అందుకుని తినాలి? పూటకు ఎన్ని లోపలికి వెళ్తున్నాయో ఆమె ఏనాడూ చూసుకోలేదు. అట్లిస్కో ఊళ్ళో అలా లెక్క చూసుకునేవాళ్ళెవరు? నర్సు తల పట్టుకుంది. బస్సులో ఇంటికొస్తూ దారిపొడుగునా ఎలోడియా ఏడ్చింది. సంగతి విని ఫెర్మిన్ మాత్రం పడీపడీ నవ్వాడు.

“దేవుళ్ళు మొక్కజొన్న పిండితో చేసిన మనుషులమట మనం. దాన్నీ మానాలని నీకెలా తోస్తుందే పిచ్చిదానా?”

అతను నవ్వేకొద్దీ ఆమెకు ఏడుపు ఎక్కువైంది. చేజారిన ఆ రెండు నెలలూ ఎవరు తెచ్చిస్తారు? ఆనాటి నుంచి ఒక్క టోర్టియా కూడా నోట పెట్టలేదు. వేలకొద్దీ టోర్టియాలు చేతుల మీదుగా పోతున్నా ఒక్క అంచు ముక్క తుంచలేదు.

మధ్యాహ్నం పని దిగి ఆసుపత్రికి వెళ్ళింది. మెట్లెక్కుతుంటే కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. చెప్పులు విప్పి, చెవిపోగులు కూడా తీసేసి తూకమెక్కింది. నర్సు ముల్లు వైపు వంగి చూసి, మళ్ళీ చూసింది.

“దిగు తల్లీ, ఇంక చాలు. వచ్చే నెలలో ఆపరేషన్‌కి రోజు చూస్తారు.”

సంతోషం కంటే ముందు నిద్ర ముంచుకొచ్చింది. అక్కడే బల్ల మీద ఒరిగిపోదామా అనిపించింది ఎలోడియాకు. ఇంట్లో మనిషికి చెప్పాలి కదా అని కాళ్ళీడ్చుకుంటూ బయల్దేరింది.

“ఏవయ్యా, విన్నావా? గట్టెక్కాం!” గుమ్మంలోంచే కేకేసింది.

ఫెర్మిన్ గోడకు తల ఆనించి, కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు పేరున్న దర్జీయే, జబ్బు పడ్డాక దాని జోలికి పోలేదు. ఇవాళ ఓపికెలా వచ్చిందో అనుకుంటూ దగ్గరికెళ్ళి భుజం తట్టింది. తల పక్కకు వాలిపోయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

సాయంత్రానికి ఇల్లంతా జనం. చాయో కొట్టు నుంచి బుట్టెడు టోర్టియాలు తెచ్చి, ఒకటి చుట్టి ఎలోడియా చేతిలో పెట్టింది. “ఇప్పుడైనా ఎంగిలిపడు వదినా.” ఎలోడియా నమిలింది. మట్టి తిన్నట్టుంది.

“ఆ రెండు నెలలూ కూర్చుని తిన్నానే చాయో. మనిషిని పోగొట్టుకున్నాను,” అంది. చాయో ఆమె వీపు నిమిరింది.

అతన్ని మంచం మీదికి చేర్చినవాళ్ళు మిషను జోలికి వెళ్ళలేదు. దాని మీద ఎలోడియా చర్చికి కట్టుకెళ్ళే నీలం లంగా ఉంది. నడుము దగ్గర ఒక పక్క లోపలికి పట్టి కుట్టేశాడు. రెండో పక్క కుట్టు సగం దాకా వచ్చింది. సూది ఇంకా గుడ్డలో దిగే ఉంది.