స్టీరింగ్ పక్కన డబ్బా

2008 జూన్. తొలకరి పడి మూడు వారాలైంది. గద్వాల రోడ్డు పక్క తన షెడ్డులోకి ఆ తెల్ల వ్యాన్ మూడోసారి వచ్చి ఆగేసరికి మొయినుద్దీన్‌కు లేవబుద్ధి కాలేదు. ముప్ఫై ఏళ్ళుగా ట్రాక్టర్లకు వైరింగ్ చేస్తున్న నడుము, ఎన్నిసార్లని వంగుతుంది?

వ్యాన్ ప్రభుదాసుది. వండుకోవడం, పడుకోవడం అందులోనే. ఊరూరా తిరిగి గొర్రెలకు టీకాలు వేస్తాడు. మందు చల్లగా ఉంచే చిన్న ఫ్రిజ్ కోసం పైన సోలార్ పలక, వెనక బ్యాటరీ పెట్టించుకున్నాడు. బిగించింది మొయినుద్దీనే. నెల తిరక్కుండా రెండుసార్లు బ్యాటరీ చచ్చింది, మందు వెచ్చబడి పారబోయాల్సి వచ్చింది. రెండుసార్లూ మొయినుద్దీన్ బ్యాటరీనే తిట్టి మార్పించాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఈసారి ధరూర్ నుంచి గొర్రెలు కాసే ఈదమ్మ కూడా వచ్చింది. తొలకరి చిగురు గడ్డి మేస్తే గొర్రెలను ఉన్నట్టుండి చంపే చిటుకు రోగం వస్తుంది. ఆమె గొర్రెలకు టీకా ఇంకా పడలేదు.

“ఆ బ్యాటరీలమ్మెటోన్ని ఇయ్యాల ఇడిసిపెట్టను భాయ్. అన్నీ ఖరాబువే అంటగడ్తుండు,” అన్నాడు ప్రభుదాసు.

మొయినుద్దీన్ ఈసారి మీటరు పెట్టి చూశాడు. పలక నుంచి వచ్చే కరెంటును కొలిచి బ్యాటరీకి పంపే డబ్బా, స్టీరింగ్ పక్కనున్న కంట్రోలర్ దగ్గర పద్నాలుగు వోల్టుల పైనే. వెనక బ్యాటరీ దగ్గర పదమూడు కూడా లేవు. మధ్యలో పది మూరల సన్న వైరు. కరెంటు దారిలోనే తరిగిపోతుంటే, ముందున్న డబ్బా బ్యాటరీ నిండిందనుకుని చేయి బిగించి కరెంటు తగ్గిస్తోంది. ట్రాక్టర్‌లో మీటరు డ్రైవర్ కళ్ళముందుండాలి. ఆ అలవాటుతోనే దీన్నీ అక్కడ బిగించాడు. ఇదేమో బ్యాటరీ పక్కన ఉండాల్సింది.

చప్పుడు చేయకుండా మార్చేస్తే ఎవరికీ తెలియదు. కానీ అబద్ధమాడే ఓపిక కూడా అతనికి లేదు.

“బ్యాటరీలాయనది తప్పు లేదు. నాదే. డబ్బా ఏడ పెట్టాల్నో ఆడ పెట్టలే. జర ఒక గంట ఆగుండ్రి.”

ఈదమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

“మూడు గొర్లు పోయినయి భాయ్,” అంది నెమ్మదిగా. “మొదటిసారే గిట్ల మీటరు పెట్టి చూస్తే తొలుత పోయిన ఒక్కదానితోనే ఆగుతుండె.”

మొయినుద్దీన్ పలక వైరు వెనక్కి లాగి, కంట్రోలర్‌ను బ్యాటరీకి జానెడు దూరంలో బిగించేదాకా నడుము ఎత్తలేదు.