ఫిర్యాదుల గది నుంచి స్తంభం మీదికి

కరెంటు ఆఫీసులో చేరిన కొత్తల్లోనే ఆమె స్తంభం మీద బిగుసుకుపోయింది. నడుముకు బెల్టు ఉంది, బూట్ల కొక్కేలు సరిగ్గానే దిగాయి. సగం దాటాక కిందికి చూసింది. అంతే, చేతులు స్తంభాన్ని వదల్లేదు. జట్టు మేస్త్రి తనే ఎక్కి, ఒక్కో అడుగూ చెబుతూ దించాడు. తోటివాళ్లు పకపకా నవ్వారు. ఆ రోజు నుంచి ఆమెకు గబ్బిలం అన్న పేరు ఖాయమైంది.

స్తంభం ఎక్కే పరీక్ష తప్పిందని ఫిర్యాదుల గదిలో వేశారు. కిటికీ లేని గది, పొద్దస్తమానం మోగే ఫోను.

“మంచిదే అయింది,” అంది అక్క, కుట్టుమిషను ఆపకుండానే. అమ్మ పోయాక ఆమెను పెంచింది అక్కే. “నీడపట్టున కూర్చుని జీతం తెచ్చుకో. ఆ తీగల జోలికి పోకు.”

ఆమె కూర్చుంది. ఎవరెంత తిట్టినా “మనుషులు బయల్దేరారండీ” అని చెప్పడం అలవాటు చేసుకుంది.

గాలివాన కురిసిన ఒక మధ్యాహ్నం ఓ ముసలావిడ ఫోన్ చేసింది.

“మా ఆయనకు మిషను ఉంటేనే ఊపిరాడుతుందమ్మా. అది ఆగిపోయింది.”

“అంబులెన్సుకు చెప్పారా?”

“చెప్పా. దారిలో చెట్టు పడిందట.”

“మావాళ్లు వస్తున్నారమ్మా. ధైర్యంగా ఉండండి.”

ఆవిడ మళ్లీ చేసింది. ఆమె మళ్లీ అదే మాట చెప్పింది. చివరిసారి ఆవిడ గొంతు నెమ్మదిగా వినిపించింది.

“ఇక రానక్కర్లేదులేమ్మా. పాపం, వాళ్లను వానలో తిప్పకండి.”

మేస్త్రి తడిసి ముద్దయి వచ్చేసరికి ఆమె ఫోను పట్టుకునే కూర్చుని ఉంది.

“ఎందుకు ఆలస్యమైంది మేస్త్రిగారూ?”

“ఎక్కేవాళ్లు చాల్లేదు తల్లీ. ఉన్నవాళ్లం ఎన్ని చోట్లని ఎక్కుతాం?”

మర్నాడు ఆమె మేస్త్రి దగ్గరికి వెళ్లింది. “నాకు మళ్లీ నేర్పండి.”

“నిన్నటి దాంట్లో నీ తప్పేం లేదు.”

“తప్పని కాదు. ఎక్కే మనిషి తక్కువైందన్నారుగా. ఆ మనిషి నేనే.”

ఆయన ఆమెను బయటికి తీసుకెళ్లాడు. యార్డు మూలనున్న పాత స్తంభం చూపించాడు.

రోజూ డ్యూటీకి ముందు అక్కడే సాధన. “కిందికి చూడొద్దని చెప్పను,” అనేవాడు మేస్త్రి. “చూడు. ఊపిరి పీల్చుకో. అప్పుడు చెయ్యి కదుపు.” మోచేతులు చెక్కుకుపోయాయి. రెండో పరీక్షలో కాలు జారి మణికట్టు విరిగింది. కట్టు విప్పేదాకా అక్క ముఖం ముడుచుకునే అన్నం కలిపి నోట్లో పెట్టింది.

మూడోసారి ఆమె పైదాకా ఎక్కింది. భయం పోలేదు. దానితోనే తీగ బిగించి, దానితోనే దిగింది.

“గబ్బిలం ఎగిరిందిరోయ్!” అన్నారెవరో. ఆమెకూ నవ్వొచ్చింది.

ఏళ్లు గడిచాయి. మేస్త్రి రిటైరయ్యాక ఆ జట్టు ఆమె చేతికే వచ్చింది. మోకాళ్ల నొప్పులు మొదలైనా, గాలి లేచిందంటే ముందు ఆమే బండెక్కేది.

“ఇప్పుడైనా కూర్చుని నేర్పే పని చూసుకోరాదటే?” అంది అక్క ఒక సాయంత్రం, ఆమె మోకాళ్లకు నూనె రాస్తూ.

“నేర్పుతూనే ఉన్నానక్కా.”

“ఎక్కడ?”

“పైన.”

అక్క తల పట్టుకుంది. మళ్లీ నూనె గిన్నె అందుకుంది.