సముద్రం కక్కిన పొగ

పొద్దున్నే లెంబా చేసే మొదటి పని పొయ్యి ఊదడం. కింద కొబ్బరి డొక్కలు, పైన జల్లెడ, జల్లెడ మీద పొగబెట్టి అమ్మే కవళ్ల చేపలు. పొగ లేచి ఒడ్డు దాటగానే సముద్రం నోరు తెరిచి గటగటా మింగేసేది. మువాండా తీరంలో ఎవరి పొయ్యి పొగైనా అంతే. డిసెంబరులో మాత్రం కాంగో నది పొంగి, ఎర్రనీళ్లు తెచ్చి ఉప్పునీళ్ల మీద దుప్పటిలా పరిచేది. మంచినీళ్లు మీద పడితే సముద్రానికి ఊపిరాడదు. ఏడాదంతా మింగిన పొగ కక్కేస్తుంది. ఆ పొగ ఎవరిది వాళ్లింటికే వస్తుంది. ఏరు తీసేదాకా ఆడవాళ్లు ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకుని, దగ్గుతూ సణుక్కుంటూ గడిపేవారు.

మొగుడు పోయాక లెంబాకి మిగిలింది ఆ పొయ్యి ఒక్కటే. పడవా, వలా, ఇల్లూ ఆడపడుచు న్లాండు కొడుకులకి పోయాయి. అక్కడ ఆస్తి మేనల్లుళ్లదే, లెంబా నోరెత్తలేదు. పాకలోకి మారింది. కానీ పొయ్యి తన కాళ్లతో మట్టి తొక్కి కట్టుకున్నది. న్లాండు కన్ను ఇప్పుడు దాని మీద పడింది.

"ఈవిడ మడ కట్టెలు కాలుస్తోంది పెద్దయ్యా," అని ఊరిపెద్ద మకాయాకి చెప్పింది న్లాండు. మడచెట్టు నరికి కాల్చినవాళ్లకి ఒడ్డు మీద పొయ్యి ఉండదు, అది ఊరి కట్టుబాటు.

"నీ నోట్లో పురుగులు పడ! నువ్వు చూశావా?" అంది లెంబా.

"చూడక్కర్లేదమ్మా, నీ మొహం చూస్తే చాలదూ!"

మకాయా విసుక్కున్నాడు. పొయ్యికి అడ్డంగా తాటాకు కట్టించి, "ఏరొచ్చేదాకా ఎవరూ ముట్టుకోకండి. మడ పొగ వాసన దాగదు, ఎవరింటికొస్తే వాళ్లదే తప్పు," అన్నాడు.

రెండు నెలలు లెంబా పరాయివాళ్ల చేపలు కడిగి పొట్ట పోసుకుంది. ఒక మధ్యాహ్నం సంతనుంచి వస్తుంటే తన పొయ్యిలోంచి పచ్చటి పొగ లేస్తోంది. న్లాండు వంగి, బుగ్గలు పొంగించి ఊదుతోంది.

"ఏయ్! ఏం చేస్తున్నావే అక్కడ?"

"కనబడ్డంలా వదినా? మడ కట్టెలు. పొయ్యి నీది, పొగా నీదే, నీ ఇంటికే వస్తుంది. పో, చెప్పుకో! కట్టె నీ చేతిలోనే చూశామని నా కొడుకులు చెబుతారు."

ఆమె తాటాకు మళ్లీ కట్టేసి చక్కా పోయింది. లెంబా ఇసకలో కూలబడి ఏడ్చింది. ఆ పొయ్యి పొగ ఎప్పుడూ తనింటికే వచ్చేది. తను తప్ప ఇంకెవరూ దాన్ని ఎన్నడూ రాజెయ్యలేదు మరి.

ఎర్రనీళ్లు వచ్చాయి. మకాయా, వెనకే సగం ఊరూ లెంబా పాక ముందు నిలబడ్డారు. ముందు కొబ్బరి డొక్కల పొగ వచ్చి లోపలికి దూరింది. దాని వెనక పచ్చటి పొగ, చేదు వాసన వేస్తూ, నేరుగా గుమ్మం దాకా వచ్చింది. లెంబా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"చెప్పానా పెద్దయ్యా!" అని న్లాండు పగలబడి నవ్వింది.

పొగ ఆగింది. లెంబా పెదాల దగ్గర కాసేపు తచ్చాడింది. వెనక్కి తిరిగి, జనం మధ్యలోంచి దారి చేసుకుని, నవ్వుతున్న న్లాండు నోట్లోకి దూరింది, ఒక్క పోగు మిగలకుండా.

"ఓహో, ఊదిన నోరు ఇదన్నమాట," అన్నాడు మకాయా. తనే వెళ్లి తాటాకు తెంపాడు. న్లాండు పొయ్యి పగలగొట్టమని ఆమె కొడుకులకే చెప్పాడు.

న్లాండు శాపనార్థాలు పెట్టబోయింది. నోట్లోంచి పొగ తప్ప మాట రాలేదు.

"తిట్టవే, ఇప్పుడు తిట్టు!" అంది లెంబా. జాలి కలగలేదు. కలగాలనీ అనుకోలేదు. ఏరు తీసేదాకా, అంటే ఫిబ్రవరి నెలాఖరు దాకా, ఆ ఊళ్లో న్లాండు గొంతు ఎవరికీ వినబడలేదు.