పేరు కొట్టించిన గ్లాసు

జీవరత్నానికి ఏడుపు రాక ఎనిమిది నెలలైంది. మొగుడు లాజరు థర్మల్ స్టేషన్లో ఇరవయ్యేళ్ళు బొగ్గు దగ్గర పనిచేసి, రిటైరైన ఏడాదికే ఊపిరితిత్తులు చెడి పోయాడు. సమాధి చేసిన రోజున వీధంతా ఏడ్చింది, ఆమె తప్ప. "ఎంత విశ్వాసం తల్లీ, గుండె ఎలా దిటవు చేసుకుందో!" అన్నారు చూసినవాళ్ళు. విశ్వాసమూ లేదు, పాడూ లేదు. చాలాసేపు మఠం వేసుకుని కూర్చుంటే కాలికి తిమ్మిరెక్కుతుంది చూడండి, ఆమెకు మనిషి మొత్తానికీ అలా ఎక్కింది. గిల్లినా తెలియడం లేదు.

అలాగని పని మానలేదు. కొండపల్లిలో వాళ్ళ గుడిలో నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. ఎండుద్రాక్ష నానబెట్టి రసం కాయడం, రొట్టె ముక్కలు కొయ్యడం, వెండి గిన్నె తోమడం, బల్ల మీద పడ్డ థర్మల్ బూడిద తుడిచి తెల్లగుడ్డ పరచడం ఇరవై ఏళ్ళుగా జీవరత్నం వంతు. సంఘమంతా వరసగా వచ్చి మోకరించి ఆ ఒక్క గిన్నెలోనే తలా గుక్కెడు తాగుతారు. మిగిలింది పారబొయ్యకూడదు, పాస్టరు అయ్యగారే తాగెయ్యాలి. అదీ పద్ధతి.

రెండు వేల ఒకటో సంవత్సరం, ఆగస్టు నెల. బుధవారం ప్రార్థన అయ్యాక సంఘ పెద్ద రత్తయ్య ఆమెను పక్కకు పిలిచాడు. లాజరుతో కలిసి షిఫ్టులు చేసినవాడు, మంచివాడే.

"చెల్లెమ్మా, అమలమ్మ సంగతి తెలుసుగా?"

తెలియకేం! అమలమ్మ మొగుడు లారీ డ్రైవరు, ఎండాకాలంలో పోయాడు. ఎయిడ్స్ అన్నారు. అమలమ్మకూ ఉందని బెజవాడ ఆసుపత్రిలో తేల్చారు. ఆ మాట అమలమ్మ కన్నా ముందే బస్సెక్కి కొండపల్లి చేరిపోయింది.

"ఆ పిల్ల నోరుపెట్టిన గిన్నెలో మేం తాగం అంటున్నారమ్మా జనం. గుడికి రావద్దనడం లేదు, మనం అంత కఠినాత్ములమా? తన గ్లాసు తను ఇంటి దగ్గర్నించి తెచ్చుకుంటే చాలు. అందరూ అయిపోయాక చివర్లో వస్తే, అయ్యగారు అందులో పోస్తారు. ఆడపిల్లతో మాట కదా, మీరు చెబితే బాగుంటుంది."

అయ్యగారు కొత్తగా వచ్చిన కుర్రాయన. బైబిలు అట్ట మీద వేలితో రాస్తూ, "నొప్పించకుండా చెప్పండమ్మగారూ," అన్నాడు.

నొప్పించకుండానట! ఈ మాట నొప్పించకుండా చెప్పే విద్య ఏ సెమినరీలో నేర్పుతారో ఆయన్నే అడగాలి. జీవరత్నం మిషనాసుపత్రిలో పాతికేళ్ళు ఆయాగా చేసిన మనిషి. ఆ జబ్బు గిన్నెల్లోంచి అంటదని ఆమెకు బాగా తెలుసు. నోరు తెరిచి ఆ ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. "సరే," అంది, కుళాయి వచ్చింది బిందె పట్టుకెళ్ళమంటే అన్నట్టుగా.

ఆ సాయంత్రమే రైలుకట్ట పక్కన అమలమ్మ ఇంటికి వెళ్ళింది. అమలమ్మకు ముప్ఫయ్యేళ్ళు లేవు. ఈమెను చూసి మొహం ఇంత చేసుకుని, స్టూలు కొంగుతో తుడిచి వేసింది.

"కూర్చోండి పెద్దమ్మా. మూడు నెల్లయింది నా గడప ఎవరన్నా తొక్కి. ఉండండి, టీ పెడతాను."

కిరసనాయిలు స్టవ్ వెలిగించి గిన్నెలో నీళ్ళు పోసింది. ఆమె టీ పొడి డబ్బా వెతుకుతుండగా, వెనకనుంచి జీవరత్నం చెప్పాల్సింది చెప్పేసింది. గ్లాసు, చివర, అయ్యగారు పోస్తారు. మూడు ముక్కల్లో అయిపోయింది.

అమలమ్మ వెంటనే తిరగలేదు. తిరిగాక, "అలాగే పెద్దమ్మా," అంది. "ఎంత గ్లాసు తేవాలి? కాఫీ గ్లాసా, నీళ్ళ గ్లాసా?" అని అడిగింది.

"ఏదైనా పర్లేదు."

అమలమ్మ వంగి స్టవ్ ఆపేసింది. టీ గురించి ఇక ఎత్తలేదు. జీవరత్నం అడగనూ లేదు. లేచి వచ్చేసింది.

వస్తున్న దారిలో స్టేషను దగ్గర టీ బండివాడు గ్లాసులు కడుగుతున్నాడు. ఆ చప్పుడుకు వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. మైలవరం దగ్గర పల్లె వాళ్ళది, రత్తయ్య వాళ్ళదీ అదే. ఆ ఊళ్ళో కాఫీ హోటలుకు వెళ్తే మాలపల్లె వాళ్ళు లోపలికి పోకూడదు. చూరుకు తగిలించిన గ్లాసు తీసుకుని చాపితే పైనుంచి పోసేవాడు. తాగినవాళ్ళే కడిగి మళ్ళీ చూరుకు తగిలించాలి. ఆరేళ్ళ జీవరత్నం ఆ గ్లాసు కడగడం నాకివ్వమంటే నాకివ్వమని మారాం చేసేది. ఆటనుకుంది, పిచ్చిది. నాన్న ప్రసంగాలు విని గుడికొచ్చినవాడు కాదు. తెల్లదొర తాగిన గిన్నెలోనే కూలివాడికీ ఇస్తారని ఎవరో చెబితే, నిజమా అబద్ధమా చూద్దామని వచ్చాడు. ఇచ్చారు. "దొర తర్వాత నేనే తాగాను," అని చచ్చేదాకా చెప్పుకున్నాడు.

ఆ మనిషి కూతురు ఇవాళ ఒక పిల్లకు వేరే గ్లాసు తెచ్చుకోమని చెప్పి వచ్చింది. ఇది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలి. ఆ సిగ్గు కోసం ఎదురు చూసింది. రాలేదు. తప్పు చేశానని మాత్రం తెలుసు, ఇవాళ బుధవారమని తెలిసినట్టు.

శనివారం రత్తయ్య ఇంటికి వెళ్ళింది.

"అన్నయ్యగారూ, మీ నాన్నా మా నాన్నా చూరుకింద ఒకటే గ్లాసులో తాగారు కదా."

రత్తయ్యకు అర్థమైంది. మొహం ముడుచుకున్నాడు. "అదీ ఇదీ ఒకటేనా చెల్లెమ్మా? అది కులం. ఇది జబ్బు. మా కోడలు నెలలు నిండిన మనిషి, రేపోమాపో కాన్పు. నా భయం నాకుండదా?"

ఉంటుంది. ఎందుకుండదు! గిన్నెలోంచి అంటదని ఆయాగా తనకు తెలిసింది చెప్పింది. "మీరు డాక్టరా?" అన్నాడాయన. పోట్లాడాలంటే కోపం కావాలి. అదీ రాలేదు. ఇంటికొచ్చి ఎండుద్రాక్ష నానబెట్టింది.

ఆదివారం గుడి నిండింది. ఆడవాళ్ళ వరసలో ఎప్పుడూ మొదట లేచే జీవరత్నం ఈసారి లేవలేదు. ఆరోగ్యం బాలేదేమో అనుకున్నారు. వరసలన్నీ అయ్యాయి. అయ్యగారు తలెత్తి చెప్పుల దగ్గరున్న చివరి బల్ల వైపు చూశాడు. అమలమ్మ చేతిరుమాలు మూట పట్టుకుని నడిచి వచ్చింది. ఎవరూ ఆమెను చూడలేదు, అంటే అందరూ చూశారు.

జీవరత్నం అప్పుడు లేచింది. వెళ్ళి అమలమ్మ పక్కన మోకరించింది. ధైర్యమనుకునేరు! ధైర్యం భయపడేవాళ్ళకు కావాలి. ఆమెకు భయం కూడా పుట్టడం మానేసింది.

అమలమ్మ రుమాలు విప్పి గ్లాసు చాపింది. తళతళలాడే స్టీలు గ్లాసు. ఇంట్లో ఉన్నవాటిలోకల్లా మంచిది ఏరి, బూడిద పెట్టి తోమి తెచ్చింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలున్నాయి: లాజరు, జీవరత్నం, 12-5-94.

అమలమ్మ పెళ్ళికి వీళ్ళిద్దరూ చదివించిన ఆరు గ్లాసుల్లో ఒకటి. బెజవాడ వన్ టౌన్లో కొని, పేర్లు కొట్టేవాడి పక్కనే లాజరు గంటసేపు నిలబడ్డాడు. "మా ఆవిడ పేరు కాస్త పెద్దగా కొట్టవయ్యా," అన్నాడు. ఆ అక్షరాలు నిజంగానే పెద్దగా ఉన్నాయి.

అయ్యగారు గ్లాసు అడుగున కొంచెం రసం పోశాడు. అమలమ్మ తాగింది. జీవరత్నం ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుని తను చాపింది.

"మీకు గిన్నెలో ఇస్తానమ్మగారూ," గుసగుసగా అన్నాడాయన.

"దీనిమీద నా పేరే ఉందండి అయ్యగారూ. ఇందులోనే పొయ్యండి."

గొంతు పెంచలేదు. కానీ ఆ నిశ్శబ్దంలో చివరి బల్లకు కూడా వినిపించింది. ఆయన పోశాడు. ఆమె ఒక గుక్క తాగి, ఒక గుక్క ఉంచి, గ్లాసు తిరిగి ఆయనకిచ్చింది.

"మిగల్చకూడదు కదండీ."

అయ్యగారు గ్లాసు అందుకున్నాడు. రత్తయ్య వంక చూశాడు. రత్తయ్య పాటల పుస్తకంలో తల దూర్చేశాడు. బయట బొగ్గు గూడ్సు పోతోంది, ఎంతకీ తెమలదు. అది పోయేదాకా ఆయన గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చివరికి గట్టిగా కళ్ళు మూసుకుని, చంటాడు ఆముదం తాగినట్టు తాగేశాడు. తాగి కళ్ళు తెరిచి అమలమ్మను చూశాడు. ఆ జబ్బు సంగతి తెలిశాక ఆమె మొహంలోకి ఆయన చూడడం అదే మొదలు.

ఆరాధన అయ్యాక గుడి వెనక కుళాయి దగ్గర జీవరత్నం వెండి గిన్నె, స్టీలు గ్లాసు ఒకే తొట్టెలో వేసి కడుగుతోంది. రత్తయ్య అటుగా వచ్చాడు, తొట్టెలోకి ఓసారి చూసి వెళ్ళిపోయాడు. అమలమ్మ ఖాళీ రుమాలు మడతపెడుతూ వచ్చి నిలబడింది.

"పెద్దమ్మా, వచ్చే నెల కూడా ఇదే తెచ్చుకోనా?"

చూశారా! ఇంత జరిగాక కూడా ఆ పిల్ల అడిగిన మాట అది. ఒకసారి నాలుక మీంచి జారిన మాట ఎంత లోపలికి దిగుతుందో జీవరత్నానికి అప్పుడు తెలిసింది.

"వద్దే. వచ్చే నెల నువ్వు నా పక్కన కూర్చో. నువ్వు లే ముందు. నీ వెనక నేనొస్తాను. నా వెనక వచ్చేవాళ్ళు వస్తారు, రానివాళ్ళు మానతారు." గ్లాసు పైటకొంగుతో తుడిచింది. లాజరు పేరు దగ్గర వేలు ఆగింది. "ఇది మీ ఇంటికొచ్చినవాళ్ళకు టీ ఇవ్వడానికిచ్చామే తల్లీ. గుడికి మోసుకు రమ్మని కాదు. నేనే చెప్పాను నీకా మాట. ఈ నోటితోనే చెప్పాను."

అమలమ్మ ఏడ్చింది. జీవరత్నానికి రాలేదు. గ్లాసు రుమాలులో కట్టి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"పద. మొన్న స్టవ్ ఆపేశావు. ఇవాళ ఇందులో నాకు టీ పొయ్యి."

మొహమాటానికి అన్న మాట కాదది. నిజంగానే ఆమెకు టీ తాగాలనిపించింది. లాజరు పోయాక ఆమెకు ఏదన్నా కావాలనిపించడం అదే మొదలు.