ఎడమ పక్క సంగతి

టీవీలో కూర్చున్న ఫుట్‌బాల్ కోచ్ మళ్ళీ మైదానంలోకి దిగబోతున్నాడా లేదా అన్నది మనిషిని చూస్తే తెలిసిపోతుందంటాడు మా మరిది.

"టై కట్టుకోవడం మానేస్తాడు వదినా. పొట్ట తగ్గుతుంది. ఫోనొస్తే బాల్కనీలోకి పోతాడు. ఈ మూడూ కనిపించాయా, ఇక సామాన్లు సర్దుకోవడమే."

"మీ అన్నయ్య పొట్ట తగ్గేదెప్పుడులే" అన్నాను.

"అందుకేగా నువ్వింత నిమ్మళంగా ఉన్నావు!"

నిమ్మళమా, నా మొహమా.

మావారు మొన్నటిదాకా కోచ్. జట్టు వరసగా ఓడిపోయేసరికి తీసేశారు. తర్వాత టీవీ వాళ్ళు పిలిచి, సూటు తొడిగించి, మ్యాచ్ ముందూ మధ్యలోనూ కూర్చుని మాట్లాడమన్నారు. ఆయన పక్క కుర్చీలో ఉండే తెల్లగడ్డం పెద్దాయనా మాజీ కోచే. "ఇక చస్తే మైదానం మొహం చూడను" అంటాడట, ఎవరో పిలవగానే వెళ్ళిపోతాడట, కొన్నాళ్ళకి మళ్ళీ స్టూడియోలో తేలతాడట. మేకప్ అమ్మాయి ఆయన దువ్వెన పారెయ్యకుండా దాచి ఉంచుతుందని మావారు నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు. ఈయన దువ్వెన కూడా దాచాల్సి వస్తుందేమోనని దిగులు పట్టుకుంది.

కింద సెలూన్ అతను నేను మెట్లు దిగితే చాలు, కత్తెర ఆపి మరీ అడుగుతాడు. "అమ్మా, సారు మళ్ళీ ఎప్పుడు దిగుతున్నారు?" నేనేదో తెలిసి దాస్తున్నట్టు.

వాళ్ళకది కాలక్షేపం. నాకు కాదు. పోయిన ఊళ్ళో ఉండగా, ఆయన జట్టుతో బయటికి వెళ్ళిన రోజున చంటిదానికి జ్వరం పేలిపోయి, కళ్ళు తేలేసి, ఒళ్ళంతా కొయ్యబారిపోయింది. కొత్త ఊరు. పిల్లల డాక్టరు ఎక్కడుంటాడో తెలియదు. దాన్ని భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తాను. ఎవరో పుణ్యాత్ముడు కారులో ఎక్కించుకున్నాడు. ఆయనకి కబురు తెలిసేసరికి మ్యాచ్ అయిపోయింది, పిల్లకి తగ్గిపోయింది. ఎవర్నీ ఏమీ అనడానికి లేదు. కానీ అప్పట్నించీ ఇల్లు చూడ్డానికి వెళ్తే నేను గదులు చూడను, డాక్టరు ఎంత దూరమో అడుగుతాను. ఈ ఇంటికి డాక్టరు వీధి మలుపులోనే ఉన్నాడు. అందుకని ఈ గోడల పెచ్చులు ఊడినా నాకు ముద్దే.

టీవీలో చేరిన కొత్తలో ఆయనొక మాట అన్నారు. "ఇన్నాళ్ళూ కనిపెట్టింది కనిపెట్టినట్టు కడుపులో దాచుకోవడం నా పని. ఇప్పుడు కనిపెట్టిందల్లా లోకానికి చాటాలట. నాలుక తిరగట్లేదే." తర్వాత్తర్వాత బాగానే తిరిగింది.

ఒకరోజు పొద్దున్న చంటిదానికి పాలు పడుతూ ఫోన్‌లో నీలం జట్టు ఆట చూస్తున్నారు. ఆ జట్టు ఆడిన ప్రతిసారీ గోల్స్ పడనిచ్చి ఓడిపోతోంది. ఉన్నట్టుండి "అయ్యో, వెనక చూసుకోరా!" అని అరిచారు. పాలసీసా ఊడి పిల్ల కూడా అరిచింది.

"ఎవర్నండీ?"

"ఎడమ పక్క కాపలా కాసే కుర్రాడు. బంతి అటు చివర ఉన్నప్పుడు దాన్నే చూస్తూ లోపలికి జరిగిపోతాడు. వెనక నుంచి వచ్చేవాణ్ణి చూడడు. ప్రతి గోలూ అక్కణ్ణించే."

"మరి వాళ్ళ కోచ్ వాణ్ణి మార్చచ్చుగా?"

"వాణ్ణెందుకు? మంచి ఆటగాడు." అని చాప మీద పిల్ల బొమ్మలు పరిచారు. రబ్బరు బాతు ఆ కుర్రాడు. గిలక్కాయేమో కుడి పక్క ఆడే సీనియర్, మ్యాచంతా నోరు మూయడట. "ఈ గిలక్కాయని తెచ్చి బాతు పక్కన పెట్టాలి. 'వెనక, వెనక' అని వాడి చెవిలో మోగుతూనే ఉంటుంది. అంతే మందు."

చంటిది మందుని నోట్లో పెట్టుకుంది.

ఆ సాయంత్రం నీలం జట్టు మళ్ళీ ఓడింది. గోల్ ఎడమ పక్క నుంచే పడింది. యాంకరమ్మ సూటిగా మావారినే అడిగింది, ఎందుకిలా జరుగుతోందని. నేను పిల్లని ఒళ్ళో సర్దుకుని ముందుకు జరిగాను, బాతు కథ వస్తుంది కదా అని.

"దురదృష్టం" అన్నారు మావారు.

ఈయనేనా ఆ మాట అన్నది? ఆటలో దురదృష్టం అన్నవాడి మీద విరుచుకుపడే మనిషి.

మర్నాడు ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే అడిగేశాను.

"ఏమండీ, ఆ బాతు సంగతి నిన్న టీవీలో ఎందుకు చెప్పలేదు?"

"ఏ బాతు?"

"నీలం జట్టు కుర్రాడు. నాకు చెప్పారు, చంటిదానికి చెప్పారు. జీతమిచ్చి అడిగిన వాళ్ళకి మాత్రం దురదృష్టం అన్నారు."

ఆయన నా వైపు తిరిగారు. ఇస్త్రీ పెట్టె కాలరు మీదే ఉండిపోయింది. కమురు వాసన వచ్చేదాకా ఇద్దరం అది గమనించలేదు.

"దాచాలని దాచలేదు" అన్నారు మెల్లగా. "నువ్వడిగేదాకా నాకే తెలియదు."

"నీలం జట్టు వాళ్ళు రమ్మని ఫోన్ చేశారా?"

"చేశారు. ఇంట్లో మాట్లాడాలన్నాను."

"ఎప్పుడు మాట్లాడదామని?"

"నాకేం కావాలో నాకు తెలిస్తే కదా!"

ఒళ్ళు మండింది. కానీ ఆయన అబద్ధమాడట్లేదని తెలుస్తూనే ఉంది. ఇదేం విచిత్రం, మనిషికి తెలియకుండా మనిషి నోరు నిర్ణయం తీసేసుకుంటుందా?

"వాళ్ళ మ్యాచ్ ఈసారి వచ్చినప్పుడు చెప్పెయ్యండి. నోరారా అంతా చెప్పేస్తే, ఇక మీరు వెళ్ళరని నా మనసు కుదుటపడుతుంది."

"చెప్తాను."

"అంతా?"

"అంతానే తల్లీ!"

ఆ మ్యాచ్ మధ్యాహ్నం పెట్టారు. మరిది పల్లీల పొట్లంతో వచ్చి టీవీ ముందు చతికిలబడ్డాడు. "టై ఉంది. పొట్ట ఉంది. వదినా, మావాడెక్కడికీ పోడు."

హాఫ్ టైంలో యాంకరమ్మ మళ్ళీ అదే అడిగింది. మావారు లేచి పెద్ద తెర దగ్గరికి వెళ్ళి గీతలు గీసి మరీ చూపించారు. కుర్రాడు బంతినే చూడటం, లోపలికి జరిగిపోవడం, వెనక నుంచి అవతలి జట్టువాడు రావడం. అంతా పూసగుచ్చినట్టు.

"మొత్తం కక్కేశాడు!" అన్నాడు మరిది.

అప్పుడు తెల్లగడ్డం పెద్దాయన అడిగాడు. "బాగుందయ్యా. మరి దీనికి మందేంటి?"

మావారు గ్లాసు అందుకుని గుక్కెడు నీళ్ళు తాగారు. "అది వాళ్ళ కోచ్ చూసుకోవాలి" అన్నారు.

పెద్దాయన ఆయన వంక ఓ చూపు చూసి, గడ్డం తడుముకుని నవ్వాడు. ఆయనకి తెలిసిపోయింది. నాకూ తెలిసిపోయింది. మరిది మాత్రం పల్లీలు వలుచుకుంటూ "ఇక నిశ్చింతగా ఉండు" అన్నాడు.

చంటిది గిలక్కాయ విసిరేసింది. తీసుకొచ్చి చాప మీద బాతు పక్కన పెట్టాను.

వెలుతురుండగానే ఆయన ఇంటికొచ్చారు. బూట్లు విప్పకముందే "చెప్పాగా!" అన్నారు, పరీక్ష పాసైన పిల్లాడిలా.

"చెప్పారు. గిలక్కాయ?"

చాప వైపు చూశారు. సూటుతోనే కింద కూలబడ్డారు.

"చెప్దామనే నోరు తెరిచాను. చెప్పేస్తే ఇంకెవడో వెళ్ళి చేసేస్తాడనిపించింది."

కోపం రావాల్సింది. కోపం బదులు, పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఎప్పుడూ అడగని ప్రశ్న వచ్చింది. "అక్కడ గీత పక్కన నిలబడితే ఎలా ఉంటుందండీ?"

"నరకం. తప్పు ఎక్కడ జరుగుతోందో కనపడుతూనే ఉంటుంది, కాలు లోపల పెట్టకూడదు."

"మరెందుకు?"

"ఈ గిలక్కాయ ఇక్కడికి మారిందనుకో. ఒక గోల్ పడాల్సింది పడలేదనుకో. పడని గోల్ ఎవరికీ కనపడదు. నాకు కనపడుతుంది."

చంటిది ఆయన టై పట్టుకుని లాగుతోంది. దాని నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. నాకది అలవాటైపోయింది. చల్లగానే ఉంది.

"ఆ నీలం జట్టు ఊళ్ళో పిల్లల డాక్టరు ఎంత దూరం?" అన్నాను.

"తెలియదు."

"ముందది కనుక్కోండి. డాక్టరు దొరికాకే ఇల్లు. ఇల్లు దొరికాకే మీ బాతు."

ఆయన ఫోన్ తీసి లేచారు. బాల్కనీ గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కొచ్చి నా పక్కనే చాప మీద కూర్చున్నారు.

"హలో, అవునండీ, నేనే. జట్టు సంగతి తర్వాత మాట్లాడదాం. మీ ఊళ్ళో పిల్లల డాక్టరు ఎక్కడుంటారు?"