నాన్న నొక్కని ట్రిగ్గర్

పొద్దున కాఫీ తాగి క్రిసాంతా బల్ల మీద తెల్లగుడ్డ పరిచేది. దనావో ఊళ్లో తుపాకీలు చేసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఈ ఇంట్లో మాత్రం ఆమె ఒక్కతే మిగిలింది. మరమ్మతుకు వచ్చిన పిస్తోలును ముందు ఖాళీ చేసి, విప్పి, మసి తుడిచేది. అరిగిన స్ప్రింగు మార్చి, ట్రిగ్గర్ లోపలి ఉక్కు ముక్కల్ని సానరాయి మీద నున్నగా రుద్దేది. మళ్లీ బిగించి, హ్యామర్ వెనక్కి లాగి, గుడ్డ మీద పెట్టి ఊరుకునేది. కాసేపటికి ట్రిగ్గర్ తనంతట తానే కదిలి టక్కుమనేది.

బతికున్నన్నాళ్లూ చివరి నొక్కు తండ్రిదే. కళ్లు మూసుకుని నొక్కి, బాగుంటే తలూపేవాడు. పోయాక కూడా ఆయన ఆ పని మానలేదు. "ముసలాయన చూశాడా?" అని అడిగేవాళ్లు వచ్చినవాళ్లు. చూశాడంటే పట్టుకెళ్లేవాళ్లు. ఆ తర్వాత ఇంట్లో మాట వినపడేది కాదు.

వానల్లో తమ్ముడు సిసో మందావే పట్నం నుంచి వచ్చాడు. తండ్రి తనకిచ్చిన పిస్తోలు బల్ల మీద పెట్టాడు.

"గురి పోటీలకా?"

"కాదక్కా. ఒక్కసారి మొరాయించకుండా పేలితే చాలు."

"ఎవరి మీద?"

"నా పెళ్లాన్ని తీసుకుపోయిన జీప్నీ బండి ఓనరు మీద."

"నేను చెయ్యను, పో."

"సరే, వీధి చివర చేయిస్తా. నాన్న పిస్తోలును ఎవడో గీకుతుంటే చూస్తూ కూర్చో."

క్రిసాంతా దాన్ని లాక్కుంది. కావాలని పాడుచేద్దామనుకుంది. ఆకురాయి పట్టాక చెయ్యి ఒప్పుకోలేదు. సాయంత్రానికి స్లైడ్ నూనెలో జారినట్టు జారుతోంది. గుడ్డ మీద పెట్టారు. టక్కు లేదు.

"నిద్రపోయాడేమో," అన్నాడు సిసో.

మర్నాడూ లేదు.

"నువ్వేదో చేశావక్కా."

"విప్పి చూసుకో. నువ్వూ ఈ బల్ల దగ్గర నేర్చుకున్నవాడివేగా."

విప్పాడు. లోపం దొరకలేదు. జేబులో వేసుకుని గేటు దాకా వెళ్లాడు. నాన్న చూడని పిస్తోలు సరిగ్గా అవసరానికే మొరాయిస్తే? వెనక్కొచ్చి మళ్లీ గుడ్డ మీద పెట్టాడు.

క్రిసాంతా అటక మీంచి రెండో పళ్లెం దించి, దుమ్ము కడిగి, మొక్కజొన్న నూకన్నం, ఎండుచేప పెట్టింది.

"ఉప్పు ఇంకా తగ్గించలేదా?"

"ఇన్నేళ్లకి వచ్చి వంకలు పెడుతున్నావా? తిను."

ఎదురుచూస్తూ ఊరికే కూర్చోలేక సిసో గిరాకీలు తెచ్చిన పిస్తోళ్లకు తుప్పు తీయడం మొదలుపెట్టాడు. తర్వాత స్ప్రింగులు. ఆ తర్వాత ట్రిగ్గర్లు. బల్లకి ఆ పక్కా ఈ పక్కా రెండు ఆకురాళ్లు గీసుకుంటుంటే రోడ్డు మీద పోయేవాళ్లు తొంగిచూసేవాళ్లు.

వానలు వెనకబట్టిన ఒక మధ్యాహ్నం, గుడ్డ మీద సిసో పిస్తోలు టక్కుమంది.

క్రిసాంతా చెయ్యి ఆగిపోయింది. ముందుగా ఆమె చూపు గోడవార బోర్లించిన రెండో పళ్లెం మీదికి పోయింది.

"సిసో, నాన్న చూశాడురా."

"విన్నా."

అతను తలెత్తలేదు. చేతిలో ఉన్న గిరాకీ పిస్తోలు మీది ఇనప రజను ఊదాడు.

"దెల్ఫిన్ సాయంత్రం దీనికోసం వస్తానన్నాడు కదా. ఆ చిన్న సానరాయి ఇటియ్యి."